అతి సంరక్షణ నుంచి కుండీ మొక్కలను తేరుకునేలా చేసిన నా అనుభవం

ఇల్లు మారుతున్న బంధువు ఒకరు తాము ప్రాణంగా పెంచుకున్న కుండీ మొక్కలను నాకు అప్పగించారు. ఆవిడ ఏ రోజూ నీళ్లు పోయడం మానలేదు, ఎరువు వేయడం మరువలేదు. అయినా చాలా మొక్కల ఆకులు పసుపుబారి వేలాడుతున్నాయి.

ముందుగా మనీ ప్లాంటును కుండీలోంచి మట్టితో సహా బయటికి తీశాను. మట్టి ముద్దగా ఉంది, మురుగు వాసన వచ్చింది. గోధుమ రంగుకు తిరిగిన ఒక వేరును రెండు వేళ్లతో పట్టి లాగితే పైపొర తొడుగులా ఊడివచ్చి, లోపలి సన్నని నార మాత్రమే మిగిలింది. వేర్లకూ ఆక్సిజన్ కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలలో ఎప్పుడూ నీరే నిలిచి ఉంటే అవి ఊపిరాడక చచ్చిపోతాయి, ఆ తడిలోనే వేరుకుళ్లు తెగులు కూడా పాకుతుంది. చచ్చిన వేర్లు నీరు పీల్చలేవు కనుక తడి మట్టిలో ఉన్న మొక్క సైతం దాహంతో ఉన్నట్టే వాడిపోతుంది, అది చూసి మనసాగక మనం మరో చెంబు నీళ్లు పోస్తాం. మొక్కల మీద ప్రేమ ఉన్నవారికే ఈ ప్రమాదం ఎక్కువ అని నాకు అనిపిస్తుంది.

కుళ్లిన వేర్లను శుభ్రమైన కత్తెరతో తీసేసి, మిగిలినవాటికి సరిపోయే చిన్న కుండీలో, నీరు సులువుగా దిగే కొత్త మట్టిమిశ్రమంలో నాటాను. పెద్ద కుండీ అయితే వేర్లు చేరని మట్టిలో తడి అలాగే ఉండిపోతుంది. కొత్త చిగురు కనిపించేదాకా ఎరువు జోలికి వెళ్లలేదు. ఏమీ చేయకుండా రోజూ చూస్తూ ఉండటమే అన్నిటికన్నా కష్టమైంది.

నీళ్లకు వారాల లెక్క పెట్టుకోలేదు. వేలిని రెండు కణుపుల లోతు దింపి, పొడిగా తగిలితేనే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరిన నీటిని పారబోసేదాన్ని. కొన్నాళ్లకు కుండీని కాస్త ఎత్తి చూస్తే బరువును బట్టే తడి తెలిసిపోయేది. కలబంద, స్నేక్ ప్లాంటు నీటిని ఆకుల్లోనే దాచుకుంటాయి కనుక వాటి మట్టి పూర్తిగా ఎండేదాకా ఆగాను.

కొన్ని కుండీల అంచుల్లో తెల్లని పొర పేరుకుంది, ఆ మొక్కల ఆకుల కొసలు మాడాయి. అది ఎరువుల్లోని లవణాల ప్రభావమని గుర్తించి, నీరు ధారాళంగా పోసి మట్టిని కడిగి, మళ్లీ బాగా ఆరనిచ్చాను. బోగన్‌విల్లా మాత్రం ఏపుగా ఆకులు వేస్తూ ఒక్క పువ్వూ పూయలేదు. నత్రజని ఎక్కువైతే మొక్క పూలకన్నా ఆకులు, కొమ్మల మీదే బలం పెడుతుంది. బంతి కూడా ఇలాగే చేస్తుంది. ఎరువు ఆపి, పూర్తి ఎండలో ఉంచి, ఆకులు కొద్దిగా వాలేదాకా నీళ్లు బిగబట్టాక అది రంగు చూపింది.

మందారం విషయంలో ఇప్పటికీ జాగ్రత్తగానే ఉంటాను. మండుటెండలో దాని ఆకులు తడి మట్టిలో కూడా వాలతాయి, ఎండ తగ్గాక వాటంతటవే నిలబడతాయి. సాయంత్రానికి కూడా తేరుకోకపోతేనే మట్టిలో వేలు పెట్టి చూస్తాను.