రాఘవ గారి ఊరికి రాత్రి బండి

గుంటూరు నుంచి బళ్లారికి మధ్యలో మారే పని లేకుండా వెళ్లాలంటే అమరావతి ఎక్స్‌ప్రెస్ మేలు. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురం, గిద్దలూరు, ఆపైన నల్లమల అడవి, నంద్యాల, డోన్, గుంతకల్లు. మొత్తం 450 కిలోమీటర్ల దరిదాపు. రాత్రి గుంటూరులో ఎక్కితే తెల్లవారేసరికి బళ్లారిలో దిగొచ్చు. పండగలప్పుడు స్లీపర్ బెర్తులు ముందే అయిపోతాయి కాబట్టి రానూ పోనూ టికెట్లు ఒకేసారి తీసుకోవడం మంచిది.

పద్యనాటకం ఆడే మా గుంటూరు బృందం బళ్లారి వెళ్లింది ఒకప్పటి గొప్ప రంగస్థల నటుడు రాఘవ గారి కోసం. బళ్లారి రాఘవగా పేరుపడిన తాడిపత్రి రాఘవాచార్యులు 1880లో తాడిపత్రిలో పుట్టారు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో నడిపిన సరస వినోదినీ సభ అనే నాటక సమాజంలో వేషం కట్టారు. న్యాయవాదిగా పేరు తెచ్చుకుంటూనే షేక్స్పియర్ పాత్రలు ఇంగ్లీషులోనూ ఆడారు. వకాలతు చేసే మనిషి కనుక మాటకు అర్థమే బలమని ఆయనకు బాగా తెలుసనిపిస్తుంది. పద్యాన్ని రాగంలో ముంచి సాగదీయడం ఆయనకు గిట్టేది కాదు.

సినిమాల్లోకి వచ్చేసరికి ఆయనకు 56 ఏళ్లు. 1936లో ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు వేశారు. అదే ఏడు అదే కథతో ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’ కూడా వచ్చింది. యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడుగా, కన్నాంబ ద్రౌపదిగా ఉన్న ఆ సినిమాకే జనం బ్రహ్మరథం పట్టారు. రాఘవ గారి నటన తక్కువై అలా జరిగిందని మేం అనుకోం. అప్పటికి ప్లేబ్యాక్ లేదు. కెమెరా ముందు నటిస్తూనే ఎవరి పద్యం వారే పాడాలి, మైకు అప్పటికప్పుడే పట్టుకోవాలి. పైగా ప్రేక్షకులు నాటకంలో విన్న పద్యమే తెర మీదా వినాలని వచ్చేవాళ్లు. పద్యాన్ని మాటలా పలికే నటుడికి ఆ రోజుల్లో తెర అంత అనుకూలమైన చోటు కాదు. గూడవల్లి రామబ్రహ్మం 1939లో తీసిన ‘రైతుబిడ్డ’ ఆయనకు సరిగ్గా కుదిరిన సినిమా. సాంఘిక కథ, రైతు పాత్ర, కిరీటం బరువు లేదు. ఆ సినిమాకు పాటలు రాసిన కొసరాజు మా వైపువారే, బాపట్ల దగ్గర అప్పికట్ల. మరుసటి ఏడు ‘చండిక’. ఆయన సినిమా జీవితం అంతే. 1946లో కన్నుమూశారు.

బళ్లారిలో దిగగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని బయల్దేరితే మంచిది, ఎండ త్వరగా ఎక్కుతుంది. ఊళ్లో ఎక్కడ నిలబడినా కోట ఉన్న రాతిగుట్ట కనిపిస్తూనే ఉంటుంది. ఆయన పేరున్న నాటకశాల రాఘవ కళామందిరం ఎక్కడని తెలుగులో అడిగినా దారి చెబుతారు. 1953లో ఊరు మైసూరు రాష్ట్రానికి వెళ్లింది గానీ తెలుగు ఎక్కడికీ పోలేదు. ప్రదర్శన ఉన్న రోజు చూసుకుని వెళ్తేనే ఇలాంటి చోటు బాగుంటుంది, ఖాళీ హాలు చూస్తే ఏం తెలుస్తుంది?

ఆ సాయంత్రం లాడ్జి గదిలో హార్మోనియం లేకుండా రాయబారం సీను పద్యాలు వేసుకున్నాం. రాఘవ గారి దారికి దగ్గరగా ఉండే సాధన ఇది. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, యతి (పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు) పదో అక్షరం దగ్గర. శార్దూలంలో 19, యతి 13. మత్తేభంలో 20, యతి 14. కొత్త నటుడు యతి దగ్గరో పాదం చివరో ఊపిరి తీస్తాడు. మాట అక్కడ సగంలో ఉంటుంది, మిగతా సగం తర్వాతి పాదంలో పడుతుంది, వినేవాడికి అర్థం తెగిపోతుంది. అందుకని ముందు పద్యానికి అన్వయం, అంటే మాటలను అర్థం వరసలో పేర్చి, రాసుకోవాలి. ఊపిరి ఎక్కడ తీయాలో పెన్సిలుతో అడ్డగీతలు పెట్టుకోవాలి, అవి అర్థం ఆగేచోటే పడాలి. వట్టి వచనంలా, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ పలకాలి. అది కుదిరాకే శ్రుతి పెట్టాలి. ఆలాపన చివరి పాదం అయ్యాక, అదీ ఒక్క ఊపిరికి మించకుండా. ముందే రాగం పట్టుకున్నవాడికి చూపు ఎదుటి పాత్ర మీద నుంచి జారి ప్రేక్షకుల మీదకు పోతుంది. తర్వాత ఎంత చెప్పినా వెనక్కి రాదు. శ్రీకృష్ణుడు అడిగింది దుర్యోధనుణ్ణి, జవాబు మాత్రం మూడో వరసకు వెళ్తుంది!

రాఘవ గారు గురువుగా నిలబెట్టిన మరో సంగతి, ఆడవేషం ఆడవాళ్లే వేయాలన్నది. కొమ్మూరి పద్మావతీదేవి ఆయనతో కలిసి రంగస్థలమెక్కారు. బందా కనకలింగేశ్వరరావు ఆయన శిష్యులు, ‘మానసంరక్షణం’లో కృష్ణుడు ఈ బందా గారే. మగవారై ఉండి సత్యభామ వేషానికి పెట్టింది పేరైన బాపట్ల స్థానం నరసింహారావు గారిని నెత్తిన పెట్టుకున్న ప్రాంతం మాది. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవం అలాగే ఉంచుకుని కూడా, ఈ విషయంలో రాఘవ గారి మాటే సరైనదని మా బృందం నమ్ముతుంది.

తిరుగు ప్రయాణంలో ఒక రోజు వెసులుబాటుంటే గుంతకల్లులో దిగి, గుత్తి మీదుగా రేణిగుంట వైపు వెళ్లే బండి పట్టుకుంటే తాడిపత్రి వస్తుంది. పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరాలయం, ఊళ్లో చింతల వెంకటరమణస్వామి గుడి చూసుకుని గుంతకల్లు చేరొచ్చు. అక్కడి నుంచి గుంటూరు బండికి మాత్రం టికెట్ గుంతకల్లులో ఎక్కేలా తీసుకోవాలి. బళ్లారి నుంచి తీసుకుని మధ్యలో ఎక్కుదామంటే బెర్తు వేరేవాళ్లకు పోయే ప్రమాదం ఉంది.