మైపాడు బీచ్ క్లిప్‌లో వెనకున్న బైకు తీసెయ్యాలంటే

"అన్నా, వెనకాల ఆ బైకు తీసెయ్యవా" అని ప్రీవెడ్డింగ్ వీడియో చూశాక ఫోన్ వస్తుంది. ఒప్పుకునే ముందు చూసుకోవాల్సింది ఒకటే: బైకు కప్పేసిన ఇసుక అదే క్లిప్‌లో ఇంకే ఫ్రేములోనైనా కనిపించిందా? కనిపించి ఉంటే అక్కడినుంచి తెచ్చి అతికించొచ్చు. లేకపోతే గీసి పుట్టించాల్సిందే, దానికి రేటు వేరే మాట్లాడుకోండి.

కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండి, వెనక మనుషులు నడిచిపోయిన షాట్ అన్నిటికన్నా సులువు. వాళ్లు లేని ఫ్రేమును ఫ్రీజ్ చేసి పై లేయర్‌లో పెట్టండి. కావాల్సిన మేర మాస్క్ (ఆ లేయర్‌లో ఎంత భాగం కనిపించాలో చెప్పే హద్దు గీత) గీసి, 4కె అయితే 15 నుంచి 25 పిక్సెళ్ల ఫెదర్ ఇస్తే, అంటే అంచును అంతమేర మెత్తగా కలిపేస్తే చాలు. కానీ ఫ్రీజ్ చేసిన ముక్కలో నాయిస్ కదలదు. చుట్టూ సన్నగా గింజలు ఆడుతుంటే మధ్యలో ఆ ముక్క ప్లాస్టిక్ కాగితంలా కనిపిస్తుంది, అందుకే దానిమీద కొంచెం గ్రెయిన్ వేయాలి. మైపాడులో ఇంకో తిరకాసుంది. సముద్రం తూర్పున కాబట్టి అందరూ పొద్దు పొడిచేటప్పుడే తీస్తారు, ఆ వేళ వెలుతురు నిమిష నిమిషానికీ మారుతుంది. ఖాళీ ఫ్రేమును వీలైనంత దగ్గర్లోంచే తీసుకోండి, తేడా మిగిలితే వెలుతురు దిద్దే కర్వ్స్‌లో కీఫ్రేములు (ఏ క్షణానికి ఎంత అని గుర్తులు) పెట్టి సరిచేయండి. అలలున్న చోట ఫ్రీజ్ పనికిరాదు. అదే క్లిప్‌లో ఇంకో సెకను నుంచి కదిలే ముక్కే తేవాలి, మాస్క్ అంచు నురగ మీద పడేలా చూసుకోవాలి. నురగలో అతుకు తెలియదు.

గింబల్ (కెమెరా కుదుపు లేకుండా పట్టే పరికరం) మీద కదులుతూ తీసిన షాటయితే, అడోబీ వాళ్ల ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సాఫ్ట్‌వేర్‌లో 2019 నుంచి ఉన్న కంటెంట్ అవేర్ ఫిల్ వాడొచ్చు, తీసేసిన చోటును మిగతా ఫ్రేములు చూసి అదే నింపుతుంది. ముందు క్లిప్‌ను కావలసినంతే కత్తిరించండి, నిడివి పెరిగేకొద్దీ రెండరూ పెరుగుతుంది. బైకు చుట్టూ మాస్క్ గీసి సబ్‌ట్రాక్ట్‌లో పెట్టి (లోపలి భాగం ఖాళీ అవుతుంది), అది బైకు వెంటే కదిలేలా ట్రాక్ చేయండి. నీడను వదలొద్దు. తడి ఇసుకలో బైకు ప్రతిబింబం పడుతుంది, దాన్నీ వదలొద్దు. బైకు పోయి ప్రతిబింబం మిగిలిన వీడియోలు చాలానే తిరుగుతున్నాయి. నింపే చోటు అంచును వెడల్పు చేసే ఆల్ఫా ఎక్స్‌పాన్షన్ కాస్త పెంచి, ఫిల్ మెథడ్ ఆబ్జెక్ట్ పెట్టి జెనరేట్ కొట్టండి. ముద్దముద్దగా వస్తే క్రియేట్ రిఫరెన్స్ ఫ్రేమ్ నొక్కి, ఫోటోషాప్‌లో ఆ ఒక్క ఫ్రేమును చేత్తో శుభ్రం చేసి, మళ్లీ జెనరేట్ చేయండి. మధ్యలో మబ్బు పట్టి వెలుతురు మారి ఉంటే లైటింగ్ కరెక్షన్ ఆన్ చేయాలి.

జంట బైకు ముందునుంచి నడిచినప్పుడే అసలు తంటా. సాఫ్ట్‌వేర్ పక్కనున్న చీర రంగును పీక్కొచ్చి ఇసుకలో పూస్తుంది. అందుకని ఆ ఫ్రేముల్లో జంటను కూడా మాస్క్‌లో తీసేసి నేపథ్యం నింపాలి, తర్వాత రోటో చేసిన, అంటే ఫ్రేము ఫ్రేముకీ అంచు గీసి విడదీసిన జంటను పైన పెట్టాలి. జడ, మల్లెపూలు, గాలికి ఎగిరే కొంగు దగ్గర రోటో చేతిపనే, ఓపిక పట్టాల్సిందే.

ఉదయగిరి కోట గోడకు అడ్డంగా తీగ పడితే వేరే దారి. గోడ చదునైన తలం కాబట్టి ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తోనే వచ్చే మోకా అనే ట్రాకింగ్ టూల్‌లో గోడను ట్రాక్ చేసి, ఒక ఫ్రేములో క్లోన్ చేసిన రాళ్ల ముక్కను ఆ ట్రాక్‌కు కట్టేయొచ్చు. ఆకాశం మీది తీగ ఇంకా తేలిక.

ఇదంతా కలర్ గ్రేడింగ్‌కు, స్టెబిలైజేషన్‌కు ముందే, ఒరిజినల్ ఫైలు మీద చేయాలి. వాట్సాప్‌లో వీడియోగా వచ్చిన క్లిప్ ముట్టుకోవద్దు, కంప్రెషన్ గళ్లను ట్రాకర్ వివరాలనుకుని జారిపోతుంది. ఫోన్ ఫుటేజ్ అయితే ఫ్రేమ్ రేటు మారుతూ ఉంటుంది, ముందు హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన రేటుకు మార్చుకోండి.

అన్నట్టు, 4కెలో తీసి 1080లో ఇస్తున్నట్టయితే రెండింతల వరకు జూమ్ చేసినా క్వాలిటీ పోదు. బైకు ఫ్రేము అంచున ఉంటే పైవన్నీ మానేసి క్రాప్ చేయండి.

ఈ తంటా తగ్గాలంటే షూటింగ్ నాడే జంట పక్కకు జరిగాక, జనాన్నీ బళ్లనూ కాసేపు తప్పించి, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ లాక్ చేసి, అదే ఫ్రేములో పది సెకన్లు ఖాళీగా రికార్డ్ చేసి పెట్టుకోండి. గింబల్ అయితే అదే దారిలో, అదే వేగంతో ఇంకోసారి నడవాలి.