జ్వరం 100.4 దాటితే

2017 మార్చిలో, ఏడాది నాలుగు నెలల మా చిన్నబిడ్డకు స్నానం చేయిస్తుండగా కుడి డొక్క కింద రాయిలాంటి గట్టితనం నా చేతికి తగిలింది. తిండి సరిగా తినడం లేదని అంతకుముందే ఊళ్లో చూపిస్తే నులిపురుగుల మందు ఇచ్చారు. ఇరుగుపొరుగువారు అది 'బల్ల' అని, చురకలు పెట్టిస్తే కరిగిపోతుందని చెప్పారు. మా అత్తమ్మ ఒప్పుకోలేదు. "నెలలు నిండకుండ పుట్టి, కిలో బరువుతోని బతికిన పిల్ల. దాని ఒంటి మీద నిప్పు పెట్టనియ్య" అని అడ్డుపడింది. ఆ మాట వల్లనే మేము ఆలస్యం చేయకుండా వరంగల్‌లో స్కానింగ్ తీయించి, అక్కడి నుంచి హైదరాబాద్ చేరాము.

అక్కడ రక్తంలో ఏఎఫ్‌పీ చూశారు; కాలేయంలో ఇటువంటి గడ్డ ఉంటే బాగా పెరిగే ఒక ప్రోటీన్ అది. ఆ వయసులో పది, ఇరవై ఉండవలసింది మూడు లక్షలు దాటింది. గడ్డ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించి, హెపటోబ్లాస్టోమా అని చెప్పారు. మూడేళ్లలోపు పిల్లల్లో వచ్చే కాలేయ క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదేనని, చాలా తక్కువ బరువుతో పుట్టిన పిల్లల్లో దీని ముప్పు ఎక్కువని డాక్టరమ్మ వివరించినప్పుడు, నేను మోసినన్నాళ్లు ఏం తప్పు చేశానోనని ఏడ్చాను. తప్పు ఎవరిదీ కాదని ఆమె మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చింది.

గడ్డ కాలేయంలో ఒక పక్కకే ఉంది, ఊపిరితిత్తులకు పాకలేదు. అటువంటి పిల్లలకు సిస్‌ప్లాటిన్ అనే ఒక్క మందే రెండు మందులతో సమానంగా పనిచేస్తుందని 2009లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో తేలిందట. అది పాత మందు, ఖరీదైనదీ కాదు. పదిహేను రోజులకొకసారి, 24 గంటల పాటు సెలైన్‌తో కలిపి ఎక్కిస్తారు. నాలుగు డోసుల తర్వాత ఆపరేషన్, ఆపైన మరో రెండు డోసులు. ఆరోగ్యశ్రీ చికిత్సకు ఆసరా అయింది గాని గది అద్దెకు, పోయిన కూలికి ఏ కార్డూ లేదు. అందుకే డోసుకూ డోసుకూ మధ్య పరకాల దగ్గరి మా ఊరికే తిరిగి వచ్చేవాళ్లం. మాకు అసలు భయం ఆసుపత్రిలో కాదు, ఆ పదిహేను రోజుల్లోనే ఉండేది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒక కాగితం మీద తెలుగులో రాసి ఇచ్చింది: జ్వరం 100.4 దాటితే ఎంత రాత్రైనా ఆగవద్దు, ఈ మందు వల్ల రోగాలతో పోరాడే తెల్లకణాలు తగ్గి ఉంటాయి, గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. మూడో డోసు తర్వాత తొమ్మిదో రోజు, మే నెల ఎండకు ఒళ్లు కాలుతోందేమోనని మొదట అనుకుని, థర్మామీటర్ పెడితే 101.2 చూపింది. రాత్రి పదకొండు దాటింది. పక్కింటి ఆటోలో వరంగల్ పెద్దాసుపత్రికి చేరేసరికి బిడ్డ కళ్లు తెరవడం లేదు. డ్యూటీలో ఉన్న యువ డాక్టరు ఆ కాగితం చదివి, హైదరాబాద్‌కు ఫోన్ చేసి, మమ్మల్ని వరుసలో నిలబెట్టకుండా సూది మందు మొదలుపెట్టాడు. ఆ కాగితం లేకుంటే మేము తెల్లవారాక చూద్దామని పడుకునేవాళ్లమే.

జూన్‌లో ఆపరేషన్ జరిగింది. మా ఇంటాయన ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉంటే, మా చేనులో పత్తి గింజలు మా మరిది పెట్టాడు. కాలేయంలో దాదాపు సగం తీసేశారు. మిగిలిన భాగం కొన్ని నెలల్లో తిరిగి పెరిగింది. ఆగస్టులో ఆఖరి డోసు నాటికి ఏఎఫ్‌పీ పదిలోపుకు దిగింది.

అయితే ఆ మందు బిడ్డ చెవులను తాకింది. 'స', 'శ' వంటి సన్నని శబ్దాలు దానికి అందవని, మాటలు ఆలస్యమయ్యాక గాని మాకు తెలియలేదు. మధ్యమధ్య వినికిడి పరీక్ష చేయించమని రాసినా, మళ్లీ ఒక రోజు కూలి పోతుందని నేనే వాయిదా వేశాను. ఆ బాధ నాకు పోలేదు. సిస్‌ప్లాటిన్ అయిన 6 గంటలకు సోడియం థయోసల్ఫేట్ అనే మరో మందు ఎక్కిస్తే వినికిడి దెబ్బతినే పిల్లలు 63 శాతం నుంచి 33 శాతానికి తగ్గారని మరుసటి ఏడాది, 2018లో, తేలింది.

ఇప్పుడు మా బిడ్డ చెవి మిషన్లు పెట్టుకుని ఐదో తరగతి చదువుతోంది. ములుగు వైపు నుంచి ఒక తండ్రి, తన కొడుకుకు ఇదే జబ్బని, గత నెల నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. మా కాగితానికి జిరాక్స్ తీసి ఇచ్చి, థర్మామీటర్ చూడడం నేర్పి, చెవుల పరీక్ష ఎన్నడూ తప్పించవద్దని చెప్పాను. వాళ్ల మూడో డోసు వచ్చే సోమవారం.