చలికాలపు జపాన్‌కు వెనక నుండి వేసుకున్న పట్టిక

ఏ యాత్రకైనా బయలుదేరే రోజు నుండి లెక్క మొదలుపెట్టడం మా ఇంటి అలవాటు. జపాన్ యాత్రకు మాత్రం మేము చివరి నుండి లెక్క వేసుకున్నాము. డిసెంబరు 31 రాత్రి క్యోటోలోని చియోన్‌ఇన్ ఆలయంలో గంటను 108 సార్లు మోగిస్తారని విన్నప్పటి నుండి మా అత్తగారికి ఆ గంట వినాలన్న కోరిక పట్టుకుంది. ఆవిడకు 68 ఏళ్ళు, శుద్ధ శాకాహారి, మెట్లు దిగేటప్పుడు మోకాలు పట్టేస్తుంది. కనుక ఆ రాత్రికి ఆవిడను అలసట లేకుండా క్యోటో చేర్చడమే మా మొదటి పని అయింది, మిగిలిన ఊళ్ళన్నీ దానికి అటూ ఇటూ సర్దుకున్నాయి.

ఆగస్టులో మేము సంప్రదించిన ఒక ట్రావెల్ ఏజెంటు 12 రోజుల్లో 8 ఊళ్ళు తిప్పే పట్టిక చేతిలో పెట్టారు. అందులో ఉత్తరాన సప్పోరో ఉంది, దక్షిణాన హిరోషిమా ఉంది, కానీ అది ఏ నెలకు వేసిన పట్టికో ఎక్కడా కనిపించలేదు. డిసెంబరు చివర టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు కుంకుతుంది, ఆలయాలలో చాలా వాటిలోకి నాలుగు, అయిదు గంటల తరువాత ప్రవేశం ఉండదు. ఉదయమంతా రైలులో గడిపి మధ్యాహ్నం రెండింటికి కొత్త ఊరు చేరితే చూడటానికి మిగిలేది రెండున్నర గంటల వెలుగు మాత్రమే. అందుకని ఆ కాగితాన్ని పక్కన పెట్టి, నేనూ మావారూ కలిసి ఒక రూళ్ళ నోటుబుక్కులో రోజుకు ఒక గడి చొప్పున గీసి, ప్రతి గడిలోనూ వెలుగు ఉండే గంటలను ముందుగా రాసుకున్నాము. వీసా దరఖాస్తులో కూడా ఏ తేదీన ఏ ఊళ్ళో ఉంటామో రోజువారీగా చూపాలి కనుక ఆ శ్రమ వృథా కాలేదు.

తరువాత చూసుకున్నది గాలి. ఇది మన నెల్లూరు వాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీద తేమ పట్టి మన దక్షిణ కోస్తాకు ఎలా వానలు తెస్తాయో, సైబీరియా నుండి వచ్చే చలిగాలులు జపాన్ సముద్రం మీద అలాగే తేమ పట్టి, దేశం నడుమ ఉన్న కొండలకు తగిలి, పడమటి వైపు మంచు కుమ్మరిస్తాయి. కొండలు దాటి తూర్పుకు వచ్చేసరికి అవి పొడిగాలులు. కాబట్టి అదే వారంలో టోక్యోలో నిర్మలమైన ఎండ కాస్తుంటే, షింకాన్సెన్ అనే అతివేగపు రైలులో రెండున్నర గంటల దూరంలో, పడమటి తీరాన ఉన్న కనజావాలో గొడుగు లేనిదే అడుగు బయట పెట్టలేము. భోజనపు డబ్బా మరిచినా గొడుగు మరవవద్దని ఆ ప్రాంతంలో ఒక సామెతే ఉంది. సప్పోరో ఉన్న ఉత్తరపు దీవి హొక్కైడోను పూర్తిగా తీసేశాము. సప్పోరో మంచు ఉత్సవం ఫిబ్రవరిలో జరుగుతుంది, అది లేకుండా అంత దూరం వెళ్ళడం మాకు సబబుగా తోచలేదు. చివరికి టోక్యో, కనజావా, షిరకవాగో, తకయామా, క్యోటో, నారా, ఒసాకా మిగిలాయి. వాటిలోనూ షిరకవాగో, నారాలలో రాత్రి బస లేదు. టోక్యోలో దిగి ఒసాకాలో విమానం ఎక్కేలా టిక్కెట్లు తీసుకోవడం వల్ల వెనక్కి రావలసిన ప్రయాణం తప్పింది.

విదేశీ పర్యాటకులు జపాన్ అంతటా తిరగడానికి కొనుక్కునే రైలు పాసు గురించి మా బంధువులు చాలామంది చెప్పారు. అయితే 2023 అక్టోబరులో ఏడు రోజుల పాసు ధర 29,650 యెన్‌ల నుండి 50,000 యెన్‌లకు పెరిగింది. మేము వెళ్ళే దారికి విడివిడి టిక్కెట్లే చవక. షింకాన్సెన్ టిక్కెట్ల అమ్మకం సాధారణంగా సరిగ్గా నెల ముందు, అక్కడి సమయం ఉదయం పదింటికి, అంటే మనకు ఆరున్నరకు మొదలవుతుంది. సంవత్సరాంతంలో జపాన్ అంతా సొంతూళ్ళకు కదులుతుంది, మనకు సంక్రాంతి రైళ్ళు ఎలాగో వాళ్ళకు ఆ వారం అలాగ. ఆ రోజుల్లో షింకాన్సెన్‌లలో ఒక రకమైన నొజొమి రైళ్ళలో రిజర్వేషను లేని పెట్టెలే ఉండవు. అందుకే 30వ తేదీన నగోయా నుండి క్యోటో వెళ్ళవలసిన నాలుగు టిక్కెట్ల కోసం నవంబరు 30న తెల్లవారుజామునే లేచి కూర్చున్నాము.

డిసెంబరు 21 రాత్రి హైదరాబాదులో బయలుదేరి, మధ్యలో విమానం మారి, మరునాడు టోక్యో చేరాము. అక్కడ మూడు రాత్రులు ఉన్నాము. మ్యూజియంలు డిసెంబరు చివర మూతపడతాయి కనుక చూడదలచినవి మొదటి రెండు రోజుల్లోనే ముగించాము. మూడో ఉదయం నగర ప్రభుత్వ భవనం 45వ అంతస్తుకు ఎక్కాము. 202 మీటర్ల ఎత్తున ఉన్న ఆ గదికి టిక్కెట్టు లేదు. పడమటి అద్దం అవతల ఫూజీ పర్వతం తెల్లగా కనిపించింది. పొడిగాలి గురించి చదివినదంతా అక్కడ కళ్ళతో చూశాము.

కనజావా దగ్గర మాత్రం నేను ఆగి చెప్పాలి. కెన్రోకుయెన్ అనే తోటలో పైన్ చెట్లకు మంచు బరువు నుండి రక్షణగా తాళ్ళు కడతారు, దానిని యుకిత్సురి అంటారు. ఏటా నవంబరు 1న ఆ పని మొదలవుతుంది. చెట్టు కొన కంటే ఎత్తుగా ఒక నిలువు కొయ్య పాతి, దాని తల నుండి ఒక్కొక్క కొమ్మకూ ఒక్కొక్క గడ్డితాడు దింపి కడతారు. దూరం నుండి చూస్తే గుడ్డ లేని గొడుగు ఊచల్లా ఉంటుంది. చెరువు గట్టున ఉన్న పెద్ద చెట్టుకు ఇలాంటి తాళ్ళు వందల కొద్దీ ఉన్నాయి. పడమటి తీరపు మంచు తడిమంచు, బరువెక్కువ, ఊతం లేకపోతే కొమ్మలు విరుగుతాయి. మా అత్తగారు ఒక కొమ్మ దగ్గర నిలబడి ముడి వేసిన తీరును చాలాసేపు పరికించి, "గెల వేసిన అరటికి మనం గడ పెట్టమూ, అమ్మాయ్, ఇదీ అంతే" అన్నారు. ఆవిడ పుట్టిల్లు కోనసీమ. కనజావా వీధుల్లో దారి మధ్యన అమర్చిన గొట్టాల నుండి భూగర్భజలం చిమ్ముతూ మంచును కరిగిస్తుంది, కాబట్టి అక్కడికి వెళ్ళేవారు నీరు దిగని బూట్లు తప్పక తీసుకువెళ్ళాలి. మా అమ్మాయి కాన్వాసు బూట్లు మొదటి గంటలోనే తడిసి ముద్దయ్యాయి.

27వ తేదీ ఉదయం, కనజావా నుండి షిరకవాగో మీదుగా తకయామా చేరవలసిన రోజున, షిరకవాగో బస్సు ఆగిపోయింది. మంచు వల్ల రహదారి మూసేశారు. తకయామాలో మూడు రాత్రులు పెట్టుకుని అందులో ఒక రోజు గడిని ఖాళీగా వదిలినప్పుడు మావారికి అది నచ్చలేదు, అంత ఖర్చు పెట్టి వెళ్ళి ఒక రోజు ఊరికే కూర్చోవడమా అన్నారు. ఆ ఖాళీ రోజే మమ్మల్ని నిలబెట్టింది. కనజావాలో అదే బసలో ఇంకొక రాత్రి ఉండి, 28న బస్సు ఎక్కాము. ఆ రోజు కూడా దారి తెరవకపోతే షిరకవాగో, తకయామా మానుకుని త్సురుగ అనే ఊరి మీదుగా క్యోటో వెళ్ళేందుకు రైలు వేళలను నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకున్నాము. 2024 మార్చిలో షింకాన్సెన్ లైను త్సురుగ దాకా పొడిగించినప్పటి నుండి ఆ దారిన రైలు మారక తప్పదు.

షిరకవాగోలో ఇళ్ళ కప్పులు రెండు చేతులూ జోడించి నమస్కరించినట్టు నిటారుగా ఉంటాయి. అందుకే వాటిని గష్షో ఇళ్ళు అంటారు, ఆ మాటకు చేతులు జోడించడమనే అర్థం. ఆ వాలు మీద మంచు నిలవకుండా జారిపోతుంది. కప్పు కింద అటకల మీద పూర్వం పట్టుపురుగులను పెంచేవారు. లోపలికి ఎక్కి చూస్తే దూలాలను మేకులు లేకుండా తాళ్ళతోనూ, మెలిపెట్టిన సన్నని కొమ్మలతోనూ కట్టిన ముడులు పొగకు నల్లబడి కనిపించాయి. 1995లో ఈ గ్రామం యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

భోజనం సంగతి ముందే ఆలోచించుకోకపోతే శాకాహారులకు ఇబ్బందే, ఎందుకంటే కూరగాయల పులుసులో కూడా చాలాసార్లు ఎండు చేపతో కాచిన రసం ఉంటుంది. మేము ప్రతి బసలోనూ చిన్న వంటగది ఉండేలా చూసుకున్నాము. అక్కడి జిగురు బియ్యపు అన్నంలో కందిపొడి కలిస్తే ముద్ద చక్కగా నిలుస్తుంది. పెద్ద పెట్టెలను ఒక బస నుండి మరొక బసకు కొరియరులో పంపించాము, మరునాటికి అవి చేరిపోయాయి. అత్తగారి మోకాలికి అదే పెద్ద ఉపశమనం.

క్యోటోలో జనవరి 1, 2 తేదీలకు చాలా దుకాణాలు మూసి ఉంటాయని సరుకులు 30వ తేదీనే కొన్నాము. 2వ తేదీ నారాకు పెట్టుకున్నాము. అక్కడి మహాబుద్ధుని విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినది భారతదేశం నుండి వెళ్ళిన బోధిసేనుడు.

31 రాత్రి చియోన్‌ఇన్‌లో గంట మొదలుకాకముందే వెళ్ళి వరుసలో నిలబడ్డాము. 17 మంది భిక్షువులు ఆ గంటను మోగిస్తారు. 16 మంది పక్క తాళ్ళు పట్టుకుని ఒక్క గొంతుతో కేక వేస్తూ దూలాన్ని వెనక్కి లాగగా, అసలు తాడు పట్టిన ఆయన ఒంటి బరువంతా వేసి, వీపు నేలకు తాకేటంతగా వెనక్కి వాలారు. ఆ మోత చెవికంటే ముందు పాదాలకు తెలిసింది. జనాన్ని ముందుకు కదిలిస్తూ ఉంటారు కనుక అక్కడే నిలబడి అన్నీ వినే వీలు లేదు. ఆ సంగతి ముందే తెలిసి, నడిచి వెళ్ళే దూరంలో బస తీసుకున్నాము. గదికి వచ్చాక అత్తగారు కిటికీ జానెడు తెరిపించి, శాలువా కప్పుకుని కూర్చుని, తులసి మాలలో ఒక్కొక్క దెబ్బకూ ఒక్కొక్క పూస జరుపుతూ 108 పూర్తయ్యే వరకు విన్నారు.