డబ్బు కట్టించుకుని గోడ చూపించారు

కిటికీ సీటని అదనంగా డబ్బు తీసుకుని గోడ పక్కన కూర్చోబెట్టిన విమానయాన సంస్థ నిన్ననే ఆ సొమ్ము వెనక్కి ఇచ్చింది. కాఠ్‌మాండూ వెళ్లాలనుకునే మనవాళ్లకు పనికొస్తుందని వెంటనే రాస్తున్నాను.

నేపాల్‌లోని ముక్తినాథ్ చూడాలని అమ్మకు ఏళ్లనాటి కోరిక. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో అదొకటి. కానీ 3,700 మీటర్లకు పైన ఉన్న ఆ క్షేత్రానికి వెళ్లవద్దని గుండె డాక్టరు ఖండితంగా చెప్పేశారు. కాఠ్‌మాండూలో పశుపతినాథుణ్ణి దర్శించుకుని, ముక్తినాథుడున్న కొండలకు విమానంలోంచే దండం పెట్టుకుంటానంది.

టికెట్లు, బస సులువుగానే కుదిరాయి. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లడానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి.

ఢిల్లీ నుంచి వెళ్లేటప్పుడు హిమాలయాలు ఎడమవైపు, అంటే 'ఏ' సీట్ల వైపు కనిపిస్తాయి. వచ్చేటప్పుడు కుడివైపు, 'ఎఫ్' సీట్లు. వానలు తగ్గాక అక్టోబరు, నవంబరుల్లో పొద్దుటి విమానమే ఎక్కండి. మధ్యాహ్నానికి మబ్బులు కమ్ముతాయి. పొద్దున ఎండ మన కళ్లలో పడదు, శిఖరాల మీద పడుతుంది. ఇవన్నీ చూసుకునే, రెక్క అడ్డురాకుండా దానికి ముందున్న వరుసలో అమ్మకు 'ఏ' సీటు కొన్నాను.

లోపలికి వెళ్తే అక్కడ కిటికీ లేదు. ముందు సీటుకు ఒకటి, వెనక సీటుకు ఒకటి, మధ్యలో నున్నటి గోడ. అమ్మ దాన్ని చేత్తో తడిమి, "తెర ఎక్కడుంది నాన్నా, పైకెత్తవా" అని అడిగింది. విమాన సిబ్బందిని పిలిస్తే, "ఇది కిటికీ వరుసే కదండీ, విమానం నిండిపోయింది" అన్నారు. గొంతు పెంచాను. గంటన్నర ప్రయాణానికి ఇంత గొడవా అని వెనక ఎవరో విసుక్కున్నారు. అందరూ మావైపే చూస్తుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుని, "వదిలెయ్యి నాన్నా" అంది. మావైపు వాళ్లంతా ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకుంటుంటే ఆవిడ ఆ గోడకేసి దండం పెట్టుకుంది. ఆ కోపం నాకు ఇంకా చల్లారలేదు.

తర్వాత తెలిసిన సంగతి ఇది. బోయింగ్ 737 విమానాల్లో రెక్కకు ముందు ఎడమవైపు గోడలోంచి ఏసీ గాలి గొట్టం పైకి వెళ్తుంది. అందుకే అక్కడ కిటికీ పెట్టరు. విమానాన్ని బయటినుంచి తీసిన ఫొటో చూస్తే కిటికీల వరుసలో ఆ ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. డబ్బు కట్టేముందు మీది ఏ రకం విమానమో చూసుకోండి. రెక్కకు కాస్త వెనక కూర్చున్నా లాభం లేదు, ఇంజను వేడిగాలికి దృశ్యం అలలుగా కదులుతుంది. బాగా ముందు వరుసలే మేలు.

తిరుగు ప్రయాణానికి అలాగే మూడో వరుసలో 'ఎఫ్' తీసుకున్నాను. పైకి లేచిన కాసేపటికే గణేశ్ హిమాల్, తర్వాత మనాస్లు, చేప తోకలాంటి మచ్ఛపుచ్ఛ్రే, అన్నపూర్ణ శ్రేణి వరుసగా వచ్చాయి. అన్నపూర్ణకూ 8,167 మీటర్ల ధవళగిరికీ నడుమ లోతైన కాళీగండకి లోయ కనిపించగానే, "సాలగ్రామాలు దొరికేది ఆ నదిలోనే అమ్మా, ముక్తినాథ్ ఆ వెనకే" అని చూపించాను. ధవళగిరి దాటేదాకా అమ్మ చేతులు దించలేదు.

ఇంటికొచ్చాక డబ్బు అడిగితే, గోడ పక్కనున్న సీటునే కిటికీ సీటంటారని కాల్ సెంటర్ జవాబు. ఫోన్లలో వాదించి గొంతు అరగదీసుకోకండి. గోడ ఫొటో, సీటుకు కట్టిన రసీదు జతచేసి పౌర విమానయాన శాఖ వారి ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టాను. ఆ తర్వాతే కదిలారు. క్షమాపణ మాత్రం రాలేదు. రాత్రి వాళ్ల సీట్ల పటం మళ్లీ తెరిచి చూశాను. ఆ సీటును ఇంకా కిటికీ సీటనే అమ్ముతున్నారు.