సముద్రం పక్కన ఇల్లా? ముందు కవర్ బ్లాకుల సంగతి చూడండి

తీరంలో ఇల్లంటే అందరికీ తుపానే గుర్తొస్తుంది. తుపాను ఎప్పుడో వస్తుంది, ఉప్పు గాలి రోజూ వీస్తుంది. పిల్లర్లో ఊచను తినేసేది అదే.

కాంక్రీటుకున్న క్షారగుణం వల్ల ఊచ మీద సన్నటి రక్షణ పొర ఉంటుంది. ఉప్పులోని క్లోరైడ్ ఇంకి ఇంకి ఊచను చేరిందంటే పొర పోతుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది. లోపల చోటెక్కడిది? ఊచ వెంబడి పగులు, ఆపైన పెచ్చులు. సన్‌షేడ్లు, బాల్కనీ అడుగు ముందుగా పోయేది అక్కడ కవరు, అంటే ఊచ మీద ఉండే కాంక్రీటు మందం, పలచన కాబట్టే. ఊడిన చోట సిమెంటు పూసి రంగేయడం దండగ. ఊచ వెనక దాకా చెక్కి, తుప్పంతా గీకాలి. లేదంటే అతుకు పక్కనే మళ్లీ మొదలవుతుంది.

కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 లెక్కన ఉప్పు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు కనీసం ఎం30 గ్రేడు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ), ఘనమీటరుకు 320 కిలోల సిమెంటు, 45 మి.మీ. కవరు ఉండాలి. నీళ్లు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. అలల తుంపర పడే చోట ఎం35, కవరు 50 మి.మీ. 0.45 అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు, ఇసుకలోని తడితో కలిపి. 'జారుగా లేదు' అని మేస్త్రి ఇంకో అరబక్కెట్ పోస్తే లెక్కంతా పోయినట్టే. జారుడు కావాలంటే ప్లాస్టిసైజర్ వాడాలి, అది నీళ్లు పెంచకుండానే కాంక్రీటును జారుగా చేసే మందు.

కవరును మెయిన్ రాడ్ల చుట్టూ కట్టే రింగు బయటి అంచు నుంచి కొలవాలి, మెయిన్ రాడ్ నుంచి కాదు. ఊచకూ సెంట్రింగ్ పలకకూ మధ్య ఈ ఎడం కోసం కంకర ముక్కలు పెడితే, కాంక్రీటును కుదించే వైబ్రేటర్ తగలగానే జారిపోతాయి, 45 కాస్తా 15 అవుతుంది. అదే గ్రేడు కాంక్రీటుతో పోసిన కవర్ బ్లాకులు పెట్టండి. బైండింగ్ వైరు కొసల్ని లోపలికి మడవాలి, ఇది చాలామంది పట్టించుకోరు.

బోరు నీళ్లు పరీక్ష చేయించాలి. ఊచ ఉన్న కాంక్రీటుకు క్లోరైడ్ లీటరుకు 500 మి.గ్రా. లోపే ఉండాలి, సముద్రపు నీటిలో అది సుమారు 19,000. క్యూరింగ్‌కూ మంచినీళ్లే. బీచ్ ఇసుక మాటే వద్దు. ఇనుప కొలిమి చిట్టెం కలిపిన స్లాగ్ సిమెంటు క్లోరైడ్‌ను బాగా అడ్డుకుంటుంది, కానీ కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు తడి ఆరనీయకూడదు.

సముద్రం ఒడ్డును కోసేస్తుంటే మాత్రం ఎం35 కూడా మందు కాదు. కాకినాడ దగ్గరి ఉప్పాడలో ఇళ్లే సముద్రంలో కలిశాయి. మన తీరం వెంట ఇసుక మొత్తమ్మీద ఉత్తరానికి సాగుతుంది. దారిలో హార్బర్ గోడ అడ్డొస్తే ఇసుక అందక అవతలి, అంటే ఉత్తరపు ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ ఆర్కే బీచ్‌కు పోర్టులో తవ్వి తీసిన (డ్రెడ్జింగ్) ఇసుక పోయాల్సి వచ్చేది అందుకే. స్థలం కొనేముందు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలి) పటంలో హైటైడ్ లైన్, అంటే పోటు నీరు చేరే గీత, ఎక్కడుందో చూడండి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల చిత్రాలు తెరిచి, ఒక్కో ఏడాది చిత్రంలో ఒడ్డు నుంచి మీ సరిహద్దు రాయి దాకా దూరం కొలవండి.