శానిటైజర్ కొట్టిన రోజే ప్రోబయోటిక్ ఎవడన్నా వేస్తాడా?

భీమవరం దగ్గర మా ఊళ్లో ప్రోబయోటిక్ (మేలు చేసే బతికున్న సూక్ష్మజీవుల మందు) అనగానే మందుల షాపు కంటే ముందు రొయ్యల చెరువే గుర్తొస్తుంది. మా బాబాయ్ షెడ్డు పక్కనున్న నీలం డ్రమ్ములో బెల్లం, తవుడు, ఈస్ట్, ప్రోబయోటిక్ ప్యాకెట్ పొడి కలిపి రాత్రంతా గాలి పెట్టి ఉంచుతాడు, పొద్దున మూత తీస్తే కల్లు కుండలోంచి వచ్చినట్టు పులుపు వాసన ముక్కుకి కొడుతుంది. అదంతా చెరువులో చల్లుతాడు.

పోయిన నెల పంటి నొప్పికి యాంటీబయోటిక్ వాడాను. మూడో రోజుకి విరేచనాలు. షాపులో ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ ఇస్తే రెండూ కలిపి వేడి వేడి టీతో మింగేశాను. బాబాయ్ పగలబడి నవ్వాడు. "శానిటైజర్ కొట్టిన రోజే ప్రోబయోటిక్ ఎవడన్నా వేస్తాడేంట్రా? డబ్బులు చెరువులో పోసినట్టే."

చెరువులో కొట్టే శానిటైజర్ అంటే క్రిముల్ని చంపే మందు, మంచివీ చెడ్డవీ అని చూడదు. కడుపుకీ అదే లెక్క. లాక్టోబాసిల్లస్ లాంటివి బతికున్న బ్యాక్టీరియా, యాంటీబయోటిక్ వాటినీ వదలదు, అందుకే రెండు గంటలైనా ఎడం ఇవ్వమంటారు. బౌలార్డీ అనే రకం మాత్రం బ్యాక్టీరియా కాదు, ఈస్ట్ కాబట్టి దాన్ని యాంటీబయోటిక్ ఏమీ చేయలేదు.

చెరువులో మంచి బ్యాక్టీరియా మేతా చోటూ ఆక్రమిస్తే రొయ్యలకి జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియాకి సందు దొరకదు. పేగుల్లోనూ ఇంచుమించు అంతే, కాకపోతే పేగు గోడ వెనక రోగనిరోధక కణాలు బోలెడు కాపలా ఉంటాయి, లోపలి బ్యాక్టీరియాతో రోజూ పరిచయం వల్లే ఎవరు చుట్టమో ఎవరు దొంగో వాటికి తెలుస్తుంది. పక్కనే ఒడిశా పల్లెల్లో 4,500 మందికి పైగా పసిపిల్లల మీద పరీక్ష చేశారు. పుట్టిన కొద్ది రోజుల్లోనే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్‌ని, దానికి మేతగా ఒక రకం చక్కెరని కలిపి వారం రోజులు ఇస్తే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి రావడం), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయని 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. అలాగని డబ్బా మీద 'ఇమ్యూనిటీ పెంచును' అని రాసిన ప్రతిదీ నమ్మకండి, ఫలితం ఆ ఒక్క రకానిది, ఆ మోతాదుది. బాగా నీరసించినవాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు.

మరి మన పెరుగో అంటారా? అందులోనూ బతికున్నవే, ఏ రకం ఎన్నున్నాయో లెక్క మాత్రం ఉండదు. మజ్జిగ పులుసు కాచారో, అవీ పోయాయి.

ఇంకోటి, ఇవి లోపల కాపురం పెట్టవు. మానేస్తే కొన్నాళ్లకి వెళ్లిపోతాయి, అందుకే బాబాయ్ కూడా వారం పది రోజులకోసారి మళ్లీ చల్లుతూనే ఉంటాడు.

నా కడుపు నాలుగు రోజుల్లో సర్దుకుంది. క్యాప్సూల్ వల్లా, దానంతటదేనా అని బాబాయ్‌ని అడిగాను. "చెరువు సంగతీ అంతేరా, రొయ్యల పట్టుబడి అయ్యేదాకా ఎవడికి తెలుసు" అంటూ డ్రమ్ము మూత పెట్టేశాడు.